మెట్ట బావికి తగిన పంపు – ఎంపిక, పోషణ

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, అనగా వింజమూరు, ఉదయగిరి, దుత్తలూరు, కలిగిరి, ఆత్మకూరు, మర్రిపాడు ప్రాంతములలో, కాలువ నీరందని పొలములకు చెరువు, బావి, బోరు – ఇవియే ఆధారము. వేరుశనగ, సజ్జ వంటి పైరులు ఒక యేడు ఎండినను మరుసటి యేడు మరల విత్తుకొనవచ్చును. నిమ్మతోట అట్లు కాదు. ఏండ్ల తరబడి పెంచిన చెట్టుకు ఒక్క వేసవిలో నీరు తప్పినచో కాపు పోవుటయే గాక చెట్టే ఎండిపోవచ్చును. నిమ్మకాయకు మంచి ధర పలుకునది వేసవిలోనే. బావిలో నీరు అడుగంటునదియు వేసవిలోనే. అట్టి సమయమున పంపు మొరాయించినచో కలుగు నష్టము పంపు ఖరీదు కంటె ఎన్నో రెట్లు హెచ్చు.

పంపు కొనునపుడు చాలమంది రైతులు అడుగు మొదటి ప్రశ్న "ఎన్ని హార్సుపవరు?" అని. అడుగవలసిన మొదటి ప్రశ్న "నా బావి గంటకు ఎంత నీరిచ్చును? ఆ నీటిని ఎంత యెత్తునకు తోడవలెను?" అని. ఈ రెండు సంగతులు తెలిసికొని బజారుకు పోవు రైతు మోసపోడు.

మన బావుల స్వభావము

భూగర్భ శాస్త్రజ్ఞులు నెల్లూరు షిస్టు పట్టీ అని పిలుచు శిలాశ్రేణిలో ఒక భాగమునకు వింజమూరు పేరును, మరియొక భాగమునకు ఉదయగిరి పేరును పెట్టియున్నారు. ఈ రాయి సముద్రతీరపు ఇసుకనేల వలె నీటిని అంతటను ఇముడ్చుకొనదు. పైనున్న మెత్తబడిన రాతిపొరలోను, దాని క్రింద గట్టిరాతి పగుళ్ళలోను మాత్రమే నీరు నిలుచును. అందువలన ఒక బావిలో ఊట బాగుండగా, పక్క చేనిలోని బావి వట్టిపోవుట సాధారణము. పక్క రైతు పెట్టిన మోటారునే మనమును పెట్టుట తగదనుటకు ఇదియే కారణము.

రెండవ సంగతి వానలు. ఈ జిల్లాకు సాలీనా కురియు వర్షములో సగమునకు పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలో ఈశాన్య ఋతుపవనముల వలనను, తుపానుల వలనను కురియును. రోహిణి కార్తెలో అడుగున బురద కనబడిన బావి, స్వాతి, విశాఖ కార్తెలలో వాన బాగుగా పడినచో గట్టు దగ్గరి వరకు నిండవచ్చును. 2015, 2021 సంవత్సరముల నవంబరు వానలను ఈ జిల్లా రైతులు మరచియుండరు. కావున మన పంపు ఒక నీటిమట్టమునకు గాక రెండు మట్టములకు తగినదై యుండవలెను – వేసవిలోని అత్యల్ప మట్టము, వానాకాలములోని అత్యధిక మట్టము. మొదటిది మరచినచో పంపు వేసవిలో నీరు పట్టదు. రెండవది మరచినచో మోటారు వానాకాలములో మునుగును.

బావి ఊటను కొలుచుట

ఊటను కొలుచుటకు ఇంజనీరు రానక్కర లేదు. ముడులు వేసిన త్రాడు, గడియారము చాలును. వేసవిలో, మే నెలలోనైనచో మంచిది, బావిని అడుగున రెండు మూడడుగుల నీరు మిగులువరకు తోడి, పంపు ఆపివేయవలెను. ఆ క్షణమున నీటిమట్టమును త్రాడుతో గుర్తించి, గంట తరువాత మరల కొలువవలెను.

ఉదాహరణకు, బావి గుండ్రముగా నుండి వ్యాసము 20 అడుగులు అనుకొందము. వ్యాసములో సగము 10 అడుగులు. 10ని 10తో హెచ్చించి, దానిని 3.14తో హెచ్చించగా బావి వైశాల్యము 314 చదరపు అడుగులు వచ్చును. గంటలో నీరు ఒక అడుగు పెరిగినచో 314 ఘనపుటడుగుల నీరు ఊరినదన్నమాట. ఒక ఘనపుటడుగునకు సుమారు 28.3 లీటర్లు గనుక, ఊట గంటకు సుమారు 8,900 లీటర్లు. సెకనుకు చెప్పవలెనన్న రెండున్నర లీటర్లు. చతురస్రపు బావియైనచో పొడవును వెడల్పుతో హెచ్చించిన చాలును. నీరు పైకి వచ్చిన కొలది ఊట తగ్గును. కావున అడుగున తీసిన కొలతను రోజంతటికి అన్వయించునపుడు కొంత తగ్గించి చూచుకొనుట క్షేమము.

ఇక పొలము లెక్క. ఒక యెకరము నేల మీద ఒక అంగుళము మందమున నీరు పారించవలెనన్న సుమారు 1,03,000 లీటర్లు కావలెను. ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూచినచో, బావి క్రింద ఎన్ని యెకరములు సాగు చేయదగునో, కాలువ పారుదల చాలునో, డ్రిప్పు పెట్టవలెనో రైతునకే తేటపడును. ఇరువది అడుగులకొక చెట్టు చొప్పున నాటిన నిమ్మతోటలో ఎకరమునకు సుమారు 108 చెట్లు పట్టును. చెట్టుకు రోజుకు 100 లీటర్లు డ్రిప్పు ద్వారా ఇచ్చుచున్నామనుకొన్నను, ఎకరమునకు 10,800 లీటర్లే ఖర్చగును. పైన చెప్పిన బావిలో అది గంటంబావు ఊట మాత్రమే.

ఎత్తు లెక్క, హార్సుపవరు లెక్క

నీటిని తోడవలసిన మొత్తము ఎత్తులో మూడు భాగములు కలవు. ఒకటి, వేసవిలోని నీటిమట్టము నుండి నీరు పడు తొట్టి లేక కాలువ వరకు నిలువెత్తు. రెండు, పైపులలోను, వంపులలోను, ఫుట్‌వాల్వులోను రాపిడివలన పోవు ఎత్తు. మూడు, డ్రిప్పు ఉన్నచో దానికి కావలసిన ఒత్తిడి. డ్రిప్పునకు ఒక కిలో ఒత్తిడి కావలెనన్న సుమారు 10 మీటర్ల ఎత్తు అదనముగా కలుపుకొనవలెను.

పై బావికి నిలువెత్తు 40 అడుగులు, రాపిడికి 10 అడుగులు అనుకొన్నచో మొత్తము 50 అడుగులు, అనగా 15 మీటర్లు. సెకనుకు 5 లీటర్లు తోడవలెనన్న 5ను 15తో హెచ్చించి 75తో భాగించవలెను. ఒక హార్సుపవరు వచ్చును. పంపు, మోటారు కలిసి తాము తీసికొన్న శక్తిలో సగమునే నీటికి అందించుననుకొన్నచో రెండు హార్సుపవరు కావలెను. బజారులో దాని పైమెట్టుననున్న 3 హార్సుపవరు మోటారు ఈ బావికి చాలును.

అయినను చాలచోట్ల ఇట్టి బావులమీద ఏడున్నర హార్సుపవరు మోటార్లు కనబడుచున్నవి. 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చిన తరువాత పెద్ద మోటారునకు బిల్లు భయము లేకపోవుట ఇందుకొక కారణము. కాని ఫలితమేమో చూడుడు. ఉదయమున బావిలో 15 అడుగుల నీరున్నది. అడుగున 3 అడుగులు వదలినచో తోడదగినది 12 అడుగులు, అనగా సుమారు 1,07,000 లీటర్లు. సెకనుకు 15 లీటర్లు తోడు పెద్ద మోటారు, ఊటను కలుపుకొన్నను రెండు గంటల ఇరువది నిమిషములలో దీనిని ఖాళీ చేయును. పిదప గాలి పీల్చుచు వట్టిగా తిరుగును. సీళ్ళు మాడును, చక్రము అరుగును. సెకనుకు 5 లీటర్లు తోడు చిన్న మోటారు తొమ్మిది గంటలు ఆగకుండ నడచి 1,62,000 లీటర్లు తోడి, బావిలో ఇంకను రెండడుగులకు పైగా తోడదగిన నీటిని మిగుల్చును. పెద్ద మోటారువలన ఊట పెరుగదు. బావి ఇచ్చునదే మనము తీసికొనగలము.

ఏ రకము పంపు?

కపిల, ఏతము తప్ప వేరు సాధనము లేని కాలమున, ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో, మద్రాసు రాష్ట్రమున ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ అను ఇంజనీరు ఆయిలు ఇంజనుతో బావినీరు తోడు పద్ధతిని ప్రచారములోనికి తెచ్చెను. నేడు రైతు ముందు పలురకములున్నవి. వాని గుణదోషములు ఇవి.

మోనోబ్లాకు పంపు: మోటారు, పంపు ఒకే ఇరుసు మీద నుండునది. ధర తక్కువ, మరమ్మతు పల్లెలోనే జరుగును. కాని ఇది నీటిని పీల్చి తీసికొనునది. పంపు నీటిని లాగునని మనమందుము గాని, నిజమునకు పైపులో గాలి తగ్గగా బయటి గాలి పీడనమే నీటిని పైకి నెట్టును. ఆ పీడనము సముద్రమట్టమున 34 అడుగుల ఎత్తు వరకే నీటిని నిలుపగలదు. రాపిడి మొదలగు నష్టములు పోగా, ఆచరణలో 20 అడుగులకు మించి ఆశించరాదు. కావున మోనోబ్లాకును వేసవి మట్టమునకు 20 అడుగుల లోపల ఎత్తున అమర్చవలెను. అట్లు బావిలోపల మెట్టుమీద దించి పెట్టిన పంపే కార్తిక మాసపు వానలకు మునుగును. నీటి హెచ్చుతగ్గులు 20 అడుగుల లోపుననున్న బావులకే ఇది తగినది. అంతకు మించినచో, గిలకతో పైకి లాగదగిన ఇనుప చట్రము మీద బిగించి, వానలకు ముందే పైకి తీసికొనవలెను.

ఓపెన్‌వెల్ సబ్‌మర్సిబుల్ పంపు: మోటారుతో సహా నీటిలోనే యుండునది. పీల్చుట లేదు, ఫుట్‌వాల్వు లేదు, నీరు పోసి నింపు పని లేదు. వానలకు బావి నిండినను భయము లేదు. మట్టము ఎక్కువగా మారు మన మెట్ట బావులకు ఇది చాలవరకు అనుకూలము. కాని మోటారు చల్లబడుటకు ఎల్లప్పుడు నీటిలో మునిగియుండవలెను. బురదలో పెట్టరాదు, అడుగు నుండి రెండడుగుల ఎత్తున రాతికట్టు మీద గాని, ఇనుప స్టాండు మీద గాని ఉంచవలెను. వైండింగు కాలినచో మరమ్మతునకు ఖర్చెక్కువ.

బోరు సబ్‌మర్సిబుల్ పంపు: బావి అడుగున గాని, చేనిలో గాని వేసిన బోరునకు పనికివచ్చునది. బోరు వేసినపుడు తీసిన నీటికొలతను, కేసింగు లోతును వ్రాసియుంచుకొని, దానిని బట్టియే పంపు స్టేజీలు నిర్ణయించవలెను. కొత్త బావికి, బోరునకు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము క్రింద అనుమతి అవసరమగు సంగతిని గ్రామాధికారులు రైతులకు ముందే తెలుపుట మంచిది.

సౌరశక్తి పంపు: కరెంటు స్తంభములు చేరని చేలకు ఇది యోగ్యము. కేంద్రప్రభుత్వము 2019లో పీఎం-కుసుమ్ పథకమును ప్రారంభించినది. ఎండ ఎక్కువగానున్న కాలముననే నీటి అవసరమెక్కువ గనుక ఈ రెండును చక్కగా కలియును. పంపు పరిమాణమును మాత్రము ఊటను బట్టియే నిర్ణయించవలెను.

కొనునపుడు ఐ.ఎస్.ఐ. ముద్రను చూడవలెను. మోనోబ్లాకునకు ఐ.ఎస్. 9079, ఓపెన్‌వెల్ పంపునకు ఐ.ఎస్. 14220, బోరు పంపునకు ఐ.ఎస్. 8034 అను అంకెలుండును. పేరుపలక మీద హార్సుపవరుతో పాటు ఎత్తు, ఆ ఎత్తున ఇచ్చు నీరు, సామర్థ్యము వ్రాసియుండును. మన లెక్కకు దగ్గరగానున్న ఎత్తు పలకమీది ఎత్తుల నడుమ పడవలెను. రశీదు, గ్యారంటీ కాగితము భద్రపరచవలెను.

పైపులు, ఫుట్‌వాల్వు

మంచి పంపు కొని సన్నపైపు వేయుట కొట్టము కట్టి తలుపు మరచినట్టిది. పైపు వ్యాసము సగమైనచో, అంతే నీటికి రాపిడి నష్టము సుమారు ముప్పది రెట్లగును. సెకనుకు 5 లీటర్ల నీటికి మూడంగుళముల సక్షన్ పైపు, రెండున్నర అంగుళముల డెలివరీ పైపు తగును. సక్షన్ పైపు ఎక్కడను గాలి చొరకుండ, పంపు వైపునకు కొద్దిగా ఎత్తుగా సాగవలెను. మధ్య గూని వచ్చినచో అక్కడ గాలి నిలిచి నీటిని అడ్డగించును. మోకాలి వంపుల బదులు పెద్ద వంపులు వాడవలెను.

ఫుట్‌వాల్వు జల్లెడ రంధ్రములు విశాలముగా నుండవలెను. అది వేసవి నీటిమట్టమునకు కనీసము రెండడుగులు క్రిందను, బావి అడుగునకు అడుగున్నర పైనను ఉండవలెను.

డెలివరీ పైపును కాలువకు నాలుగైదడుగుల ఎత్తున నిలిపి, నీరు దూకుచుండగా చూచి సంతోషించు అలవాటు కొన్నిచోట్ల కలదు. చూచుటకు సొంపుగా నుండును గాని, ఆ నాలుగైదడుగులు తోడిన శ్రమ వృథా. పైపును తొట్టి అంచు వరకే దించవలెను.

పంపు ఇచ్చు నీటిని కొలుచుట తేలిక. 200 లీటర్ల పీపా 40 సెకనులలో నిండినచో సెకనుకు 5 లీటర్లు వచ్చుచున్నది. కొత్త పంపు బిగించిన నాడే కొలిచి, స్టార్టరు పెట్టె లోపల వ్రాసియుంచవలెను. తరువాత ఎప్పుడు కొలిచినను తేడా తెలియును.

కరెంటు సంగతులు

మోటార్లు కాలుటకు ముఖ్యకారణములు మూడు. మూడు ఫేజులలో ఒకటి పోవుట, ఓల్టేజి పడిపోవుట, నీరులేక వట్టిగా తిరుగుట. కావున స్టార్టరులో ఓవర్‌లోడు రిలే, ఒక ఫేజు పోయిన ఆపు సాధనము, నీరు లేనపుడు ఆపు సాధనము ఉండవలెను. కెపాసిటరు తగిలించి రెండు ఫేజుల మీద మోటారు నడుపుట నేడు పైరు కాపాడి రేపు మోటారు కాల్చుకొనుటయే. ఆటో స్టార్టర్లు పెట్టినచో కరెంటు రాగానే మోటార్లన్నియు ఒక్కసారిగా తిరుగ మొదలిడి ట్రాన్సుఫార్మరు కాలును. అది కాలినచో ఆ లైను క్రింది తోటలన్నియు ఎండును. ఒకే ట్రాన్సుఫార్మరు క్రింది రైతులు వంతులు నిర్ణయించుకొని ఒకరి తరువాత ఒకరు మోటారు వేసికొనుట శ్రేయస్కరము.

ఓల్టేజి నిలకడకు కెపాసిటరు తోడ్పడును. మూడు హార్సుపవరునకు 1, ఐదింటికి 2, ఏడున్నరకు 3 కె.వి.ఎ.ఆర్. కెపాసిటరు బిగించవలెను. ఇది స్టార్టరు వద్ద సరిగా పెట్టు కెపాసిటరు. పైన చెప్పిన రెండు ఫేజుల ఉపాయముతో దీనిని కలుపరాదు.

మోటారునకును, స్టార్టరు పెట్టెకును ఎర్తింగు తప్పనిసరి. ఎర్తు గుంతలో ఉప్పు, బొగ్గు వేసి, వేసవిలో నీరు పోయుచుండవలెను. తడిచేతితో స్టార్టరు ముట్టరాదు. ఫ్యూజు వేయుటకు రైతు స్తంభము గాని, ట్రాన్సుఫార్మరు గాని ఎక్కరాదు. అది లైన్‌మన్ పని.

మోటారు మునిగినచో

మునిగిన మోనోబ్లాకును పైకి తీయగానే స్విచ్చి వేసి చూచుట పెద్ద పొరపాటు. తడిసిన వైండింగు ఆ క్షణముననే కాలును. మొదట మెయిను తీసివేసి, మోటారును విప్పించి, మంచినీటితో బురద కడిగి, నీడలో గాలి తగులునట్లు ఆరనిచ్చి, మెకానిక్కు వద్ద వెచ్చబరచి ఆరబెట్టించవలెను. ఇన్సులేషను మెగ్గరుతో చూడగా కనీసము ఒక మెగోము వచ్చిన తరువాతనే కరెంటు ఇయ్యవలెను. బేరింగులలో పాతగ్రీజు తీసి కొత్తది నింపవలెను.

బావిలోనికి దిగునపుడు

పంపు పోవచ్చును, మరల కొనవచ్చును. మనిషి పోయిన తిరిగిరాడు. ఆయిలు ఇంజనును బావిలోపల ఎన్నడును నడుపరాదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడు వాయువునకు వాసన లేదు, రంగు లేదు. ఎక్కువ కాలము మూసియున్న బావిలోను, పూడికలోను గాలి చెడియుండవచ్చును. దీపము దించి చూచుట పాతపద్ధతి. దీపము ఆరినచో దిగరానిదే, కాని ఆరలేదని క్షేమమని తలచరాదు. ఇంజను పొగ విషము దీపమునకు తెలియదు. ముందుగా గాలిని లోపలికి బాగుగా కొట్టించి, దిగువానికి నడుమునకు త్రాడు కట్టి, పైన ఇద్దరు నిలువవలెను. లోపలివాడు సొమ్మసిల్లినచో త్రాడుతో పైకి లాగవలెను. అతనిని రక్షించుటకు వెంటనే మరియొకడు దిగినచో ఇరువురు ప్రాణములు కోల్పోదురు. దిగుటకు ముందు మెయిను ఆపి, ఫ్యూజులు తీసి జేబులో వేసికొనవలెను.

ఏడాది పొడవున పోషణ

వారమునకొకసారి: పంపు శబ్దమును వినవలెను. గులకరాళ్ళు దొర్లినట్లు ధ్వని వచ్చినచో పంపు నీరందక బాధపడుచున్నదని గుర్తు; మట్టము, జల్లెడ చూడవలెను. గ్లాండు నుండి నీరు చుక్కచుక్కగా కారవలెను. ఆ చుక్కలే దానిని చల్లబరచును. బొత్తిగా ఆగునట్లు బిగించినచో ఇరుసు అరుగును.

నెలకొకసారి: పీపాతో నీరు కొలువవలెను. నీరు తగ్గినచో జల్లెడలో చెత్త, సక్షన్ కీళ్ళలో గాలి, అరిగిన చక్రము – ఈ వరుసలో వెదకవలెను. పంపు తిరుగు దిక్కు బాణపు గుర్తు ప్రకారమున్నదా అని కూడ చూడవలెను. లైను మరమ్మతు తరువాత ఫేజులు తారుమారై పంపు వెనుకకు తిరుగుట కలదు.

మార్చి, ఏప్రిలు: వేసవికి ముందే గ్లాండు తాడు, ఫుట్‌వాల్వు తోలు మార్చి, బేరింగులు చూపించి, కేబులు జాయింట్లు పరీక్షింపవలెను.

మే: ఊట కొలిచి వ్రాసికొనవలెను. అడుగంటిన బావిలో పూడిక తీయుటకు ఇదియే అదను.

సెప్టెంబరు: వానలకు ముందు మోనోబ్లాకును పైకి తీయవలెను. స్టార్టరు పెట్టెను వరద తగులని ఎత్తున, పైకప్పు క్రింద అమర్చవలెను. గట్టు చుట్టు మట్టము సరిచేసి, బురదనీరు నేరుగా బావిలో పడకుండ చూడవలెను.

జనవరి: వానలు వెనుకబడిన తరువాత నీటిమట్టము కొలిచి, ఆ యేటి బావి బలమునకు తగినట్లు పైరు నిర్ణయించుకొనవలెను.

గ్రామములో బావులు గల రైతులందరు మే నెలలో ఊట కొలతలు తీసి ఒక పుస్తకములో వ్రాయించి, గ్రామ సచివాలయములో ఉంచినచో, రెండు మూడేండ్లలో ఆ యూరి భూగర్భజలము పెరుగుచున్నదో తరుగుచున్నదో అందరికి తెలియును. గ్రామాధికారులు పూనుకొన్నచో ఖర్చులేని పని ఇది. త్రాడు, గడియారము, ఒక పీపా – ఈ మూడు కొలతలు చేతనుంచుకొని పంపు కొను రైతునకు మోటారు చిరకాలము మన్నును, బావి మిగులును, తోట నిలుచును.